స్లాబు ఇల్లు రాత్రి పూట ఎందుకు ఉడుకుతుంది?

శివరాత్రి దాటిందంటే మన దగ్గర చలి పోయినట్టే. ఇక తొలకరి పడేదాకా ఎండతో సహవాసం తప్పదు. మే నెలలో హనుమకొండ, వరంగల్ ప్రాంతంలో 42, 43 డిగ్రీలు మామూలు మాట. చేనుకు నీడ కట్టలేం గాని ఇంటికి కట్టుకోవచ్చు. అదీ తక్కువ ఖర్చుతోనే. ఈ వారం ఆ సంగతి చూద్దాం.

ఊళ్లల్లో ఇప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. ఒక దిక్కు తాతలనాటి గూన పెంకల ఇండ్లు విప్పేస్తున్నారు. ఇంకో దిక్కు ఇందిరమ్మ ఇండ్ల కింద కొత్త స్లాబులు పడుతున్నాయి. 2024 మార్చిలో మొదలైన ఈ పథకంలో 5 లక్షల రూపాయలు విడతల వారీగా వస్తాయి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. పక్కా ఇల్లు కావాలనుకోవడంలో తప్పు లేదు. వానకు కారదు, గాలికి లేవదు. కాని ఇల్లు చొచ్చిన మొదటి ఎండాకాలంలోనే "పాత ఇల్లే నయముండె" అనే మాట చాలా ఇండ్లల్లో వినబడుతుంది.

ఆ మాట ఉత్త మురిపెం కాదు, దానికి లెక్క ఉన్నది. మన ఎండకు ఒంటి అంతస్తు ఇంట్లోకి వచ్చే వేడిలో పెద్ద వాటా గోడల నుంచి కాదు, కప్పు నుంచి దిగుతుంది. అందుకే చేతిలో నాలుగు పైసలుంటే ముందు కప్పు మీద పెట్టాలి. కూలర్ సంగతి ఆ తర్వాత.

సూర్యుడు ఎక్కడ నిలబడుతున్నాడు?

హనుమకొండ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 18 డిగ్రీల మీద ఉన్నది. దీనివల్ల మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో 12 దాటిన కొద్ది నిమిషాలకు వాకిట్లో ఒక కర్ర నిలువుగా పాతి చూడండి. నీడ కర్ర మొదట్లోనే ఉంటుంది, పక్కకు పడదు.

అంటే ఎండలు ముదిరిన నెలలో దక్షిణపు గోడకు పెద్దగా ఎండ తగలదు. తూర్పు గోడకు పొద్దున తగులుతుంది, అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. పడమటి గోడకు మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా ఏటవాలుగా తగులుతుంది. అప్పటికే గాలి కాగి ఉంటుంది కాబట్టి గోడల్లో ఇదే మనకు శత్రువు. కప్పు మాత్రం పొద్దు పొడిచిన దగ్గర నుంచి గుంకేదాకా ఎండలోనే ఉంటుంది. కాబట్టి మొదటి జాగ్రత్త కప్పుకు, రెండోది పడమటి గోడకు.

స్లాబు చేసే పని

మామూలు స్లాబు నాలుగు నుంచి ఐదు అంగుళాల మందం ఉంటుంది. పైన పడ్డ వేడి ఆ మందం దాటి కిందికి రావడానికి కొన్ని గంటలు పడుతుంది. పొద్దంతా తాగిన ఎండను స్లాబు సాయంత్రం నుంచి ఇంట్లోకి వదలడం మొదలుపెడుతుంది. మీరు అన్నం తిని పడుకునే వేళకు అది పొయ్యి మీది పెంకలాగా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే కప్పు కింద చేరిన వేడిగాలినే మీ మీదికి తోస్తుంది. బయట చల్లబడ్డా లోపల ఉడికేది ఇందుకే.

రేకుల ఇంటి సంగతి వేరు. రేకు పలుచన కాబట్టి వెంటనే కాగుతుంది, పొద్దు గుంకినంక తొందరగానే చల్లబడుతుంది. రేకుల ఇల్లు పగలు కాలుస్తుంది, స్లాబు ఇల్లు రాత్రి కాలుస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2015 మే నెల వడగాలులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. పగలు ఎండలో కష్టపడ్డ ఒంటికి రాత్రి చల్లదనం దొరికితేనే తేరుకుంటుంది. రాత్రి కూడా ఉడుకుతుంటే మరునాటి ఎండకు తట్టుకోలేదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, బాలింతలు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో కప్పు చల్లగా ఉంచుకోవడం మందు బిళ్లతో సమానం.

గూన పెంక ఎందుకు చల్లన?

మొదటి కారణం, పెంక మీద పెంక కప్పినప్పుడు నడుమ గాలి నిలుస్తుంది. పై పెంక కాగినా ఆ వేడి కింది పెంకకు తొందరగా దిగదు. రెండో కారణం, పెంకల సందుల నుంచి ఇంట్లోని వేడిగాలి పైకి పోతుంది. మూడోది అటక. పైన కట్టెలు, గంపలు, పాత సామాను పెట్టే ఆ అటకే కప్పుకూ మనిషికీ నడుమ రెండో కప్పు.

గోడలు చూస్తే అడుగున్నర, రెండడుగుల మట్టి గోడలు. మధ్యాహ్నం ఎండ ఆ గోడ దాటి లోపలికి రావాలంటే అర్ధరాత్రి దాటుతుంది. నడుమ తెరపి ఉన్న భవంతి ఇండ్లల్లో రాత్రి చల్లగాలి ఆ తెరపిలోకి దిగి చుట్టూ అర్రలను చల్లబరుస్తుంది. వసారా వల్ల గోడకు నేరుగా ఎండ తగలదు.

ఇంకో సంగతి మనం మరిచిపోతున్నాం. ఆ రోజుల్లో ఎండాకాలం రాత్రి ఎవరూ లోపల పడుకోలేదు. నులక మంచాలు వాకిట్లోకి వచ్చేవి. గోడ అర్ధరాత్రి వేడి వదిలినా లోపల మనిషి లేడు. పాత ఇల్లు పగటి ఇల్లు, రాత్రికి వాకిలి ఉండేది. ఇప్పుడు దోమలు, దొంగల భయం, ఇరుకు జాగ వల్ల అందరం తలుపులు బిగించి లోపలే పడుకుంటున్నాం. కాబట్టి పాత పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకొంటే సరిపోదు. దాని కిటుకు తీసుకొని, రాత్రి గాలి ఆడే ఏర్పాటు మనం కలుపుకోవాలి.

పాత ఇంట్లో లోపాలు లేకపోలేదు. చీకటి అర్రలు, చిన్న కిటికీలు, పొయ్యి పొగ, వాసాలకు చెదలు, ఏటా వానలకు ముందు పెంకలు సర్దించే ఖర్చు. గూన పెంకలు చేసే కుమ్మరులు తగ్గిపోయారు. వీటన్నిటికీ మించి కోతులు. అవి ఒక్కపూటలో పెంకలన్నీ పగులగొడుతుంటే ఇంటాయన ఎంతకని ఓపిక పడతాడు?

అయినా ఒక మాట. గోడలు, దూలాలు గట్టిగా ఉన్న ఇల్లయితే తొందరపడి విప్పకండి. చెదలు పట్టిన వాసాలు మార్చి, కప్పు మీద ఇనుప జాలీ బిగించి, కిటికీలు పెద్దవి చేయించండి. కొత్త ఇల్లు పక్క జాగలో కట్టుకునే వీలుంటే పాత ఇంట్లో ఒక్క అర్రనైనా ఉంచుకోండి. మధ్యాహ్నం పూట ముసలివాళ్లకు, పిల్లలకు అదే పనికొస్తుంది.

రామప్ప ఇటుకలో ఉన్నదీ గాలే

1213లో కట్టిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లల్లో తేలుతాయని మనందరికీ తెలుసు. బరువు తగ్గించడానికి ఆ ఇటుకలు చేశారు. అవి తేలడానికి కారణం లోపల ఉన్న సన్నసన్న రంధ్రాలు, వాటిలోని గాలి. కదలకుండా నిలిచిన గాలి వేడిని కూడా ఆపుతుంది. గొంగడి కప్పుకుంటే వెచ్చగా ఉండేది ఉన్నిలో ఇరుక్కున్న గాలి వల్లనే. గూన పెంకల నడుమ ఉన్నదీ అదే.

ఇప్పుడు బజార్లో దొరికే ఏఏసీ బ్లాకులు కూడా ఇలాంటివే. తేలిక, లోపలంతా రంధ్రాలు. మామూలు ఎర్ర ఇటుక కంటే వేడిని బాగా ఆపుతాయి. ఇల్లంతా వీటితో కట్టే స్తోమత లేకపోతే పడమటి గోడ వరకైనా అడిగి చూడండి.

ఇంకో పద్ధతి, ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి నడుమ ఖాళీ వచ్చేటట్టు గోడ కట్టడం. దీన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. కేరళలో లారీ బేకర్ అనే ఆర్కిటెక్ట్ పేదల ఇండ్లకు దీన్ని బాగా వాడుకలోకి తెచ్చాడు. ఇటుకలో నాలుగో వంతు దాకా మిగులుతుంది, గోడ నడుమ గాలి నిలుస్తుంది. అయితే చేయి తిరిగిన మేస్త్రీ కావాలి. రాని మేస్త్రీతో చేయిస్తే గోడ చెడుతుంది.

కొత్తగా కట్టేవారు ఏ దశలో ఏం చూడాలి?

బిల్లు విడతల వారీగా వస్తుంది కాబట్టి జాగ్రత్తలు కూడా విడతల వారీగానే గుర్తు పెట్టుకోండి. గోడలు లేచినంక కిటికీ గుర్తొస్తే లాభం లేదు.

బేస్‌మెంట్ దశలో: జాగ అనుకూలిస్తే ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉండేటట్టు చూడండి. అప్పుడు పడమటి గోడ చిన్నదవుతుంది. మెట్లు, స్నానాల గది, సామాన్ల అర్ర పడమటి దిక్కు పెడితే ఎండ దెబ్బ వాటి మీద పడుతుంది, పడక అర్ర మీద పడదు. వాస్తు చూసేవారు నైరుతి మూలన బరువు ఉండాలంటారు. ఎండ లెక్క చూసినా అది సరిపోయే మాటే.

గోడల దశలో: ప్రతి అర్రకు ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక దర్వాజ ఉండాలి. ఒక్క దిక్కే కిటికీ ఉంటే గాలి లోపలికి వచ్చినా పోయే దారి లేక ఆగిపోతుంది. స్లాబుకు దగ్గరగా వెంటిలేటర్లు పెట్టించండి. గూన పెంకల సందులు చేసిన పని ఇవి చేస్తాయి. కిటికీల మీద అడుగున్నర నుంచి రెండడుగుల సజ్జ పోయించండి. పడమటి దిక్కు పెద్ద కిటికీ వద్దు.

స్లాబు దశలో: సలాకల గళ్ల నడుమ, స్లాబు కింది భాగంలో పెంకలు పరిచి పైన కాంక్రీటు పోసే ఫిల్లర్ స్లాబు పద్ధతి ఒకటి ఉన్నది. కాంక్రీటు కలిసొస్తుంది, వేడి కూడా తక్కువ దిగుతుంది. కాని దీన్ని ఇంజనీరుకు చూపించి, సలాకల లెక్క వేయించి, ఆయన ఒప్పుకుంటేనే చేయాలి. మామూలు స్లాబే పోయించినా నీళ్లు నిలవకుండా వాటం, గొట్టాలు సరిగా పెట్టించండి. రేపు దాని మీద ఏ పూత వేసినా నిలవాలంటే నీళ్లు పోయే దారి ముఖ్యం.

ఇలాంటి కట్టుబడి పద్ధతులను కండ్లారా చూడాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో గ్రామీణ సాంకేతిక పార్కు ఉన్నది. తక్కువ ఖర్చు ఇండ్ల నమూనాలు అక్కడ కట్టి పెట్టారు. నలుగురు రైతులు కలిసి మేస్త్రీని వెంట తీసుకొని పోతే మంచిది.

కట్టేసినవారు బాధపడనక్కరలేదు

స్లాబు పడ్డ ఇంటికి అన్నిటికంటే చవకైన మందు తెల్ల సున్నం. ఉత్త కాంక్రీటు తన మీద పడ్డ ఎండలో చాలా భాగాన్ని తాగేస్తుంది. తెల్లటి కప్పు చాలా భాగాన్ని తిరిగి ఆకాశంలోకి కొట్టేస్తుంది.

ఇది పరీక్షించి చూసిన మాటే. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నల్లటి కప్పులున్న భవనాల మీద తెల్ల పూత వేసి చూస్తే, చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం దాకా తగ్గింది. 2017లో హైదరాబాద్‌లోనే పేదల ఇండ్ల కప్పుల మీద తెల్లటి ప్లాస్టిక్ పొర పరిచి చూస్తే ఇంట్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2 డిగ్రీలంటే తక్కువ అనుకోకండి. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ తేడా అదే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 600 గజాల లోపు జాగలో కట్టే ఇండ్లకు అది తప్పనిసరి కాదు గాని, చేసుకుంటే లాభం మనకే.

చేసే తీరు ఇది. ముందు కప్పు ఊడ్చి, పాకుడు గీకి, కడగండి. పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చండి. సున్నంలో కొంత తెల్ల సిమెంటు, గోడలకు రంగు వేసేవారు వాడే జిగురు కలిపి పాలలాగా పలుచగా చేసుకోండి. స్లాబును తడిపి, పొద్దున్నే గాని సాయంత్రం గాని కుంచెతో పూయండి. ఒక పూత నిలువుగా, ఆరినంక రెండోది అడ్డంగా. మూడో పూత వేస్తే ఇంకా మంచిది. ఒకేసారి మందంగా పూస్తే పొలుసులై లేస్తుంది.

వానలకు సున్నం కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి. నడుమ దుమ్ము పేరుకుంటే కడగాలి, మాసిన తెలుపు సగమే పని చేస్తుంది. బజార్లో కూల్ రూఫ్ పెయింట్ దొరుకుతుంది, ధర ఎక్కువ గాని కొన్నేండ్లు నిలుస్తుంది. టైల్సు దుకాణాల్లో పగిలిన తెల్ల ముక్కలు చవకగా దొరికితే సిమెంటులో పొదిగించుకోవచ్చు. ఇది ఎక్కువ కాలం ఉంటుంది.

జాగ్రత్త: రాతి సున్నం విరిసేటప్పుడు ఉడుకుతూ చిందుతుంది. పిల్లలను దగ్గరికి రానీయకండి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉన్నది. వెంటనే ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడిగి దవాఖానకు పోవాలి.

రెండో మందు పందిరి. స్లాబు మీద మనిషి ఎత్తున పందిరి వేసి తాటి కమ్మలు గాని, నర్సరీల్లో వాడే నీడ వల గాని కప్పండి. బీర, సొర పాదులు ఎక్కిస్తే కూరకు కూర, నీడకు నీడ. నీడను స్లాబుకు ఆనించి పరిస్తే లాభం తక్కువ, నడుమ గాలి ఆడాలి. కరెంటు తీగల దగ్గర తాటి కమ్మలు వద్దు.

పాత ఇల్లు విప్పినవారి దగ్గర గూన పెంకలు కుప్పగా పడి ఉంటాయి. వాటిని పారేయకండి. స్లాబు బరువు మోస్తుందని ఇంజనీరు చెబితే, బోర్లించి వరసగా పరిచి సున్నంతో అతికించుకోవచ్చు. పెంక కింద నిలిచే గాలి మళ్లీ మీకు పని చేస్తుంది.

పడమటి గోడకు వేప, కానుగ చెట్లు నీడనిస్తాయి. వేర్లు పునాదికి తగలకుండా దూరంగా నాటండి. చెట్టు ఎదిగేదాకా చిక్కుడు పందిరి ఆదుకుంటుంది.

రేకుల ఇల్లయితే

రేకు పైన తెల్ల సున్నం, రేకు కింద తాటి చాప గాని వెదురు తడక గాని కట్టండి. రేకుకూ తడకకూ నడుమ జానెడు సందు ఉంచి, గాలి పోవడానికి రెండు కొసలా తెరపి వదలండి. అటక చేసిన పనే ఇది చేస్తుంది. సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. వాటిని పొడిగా గీకడం, కోయడం, పగులగొట్టడం చేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిపి, మెత్తగా కడిగి పూత వేయాలి. రేకుల మీదికి ఎక్కేటప్పుడు పలక అడ్డం వేసుకొని నడవండి.

పశువుల కొట్టానికి కూడా ఇవే పద్ధతులు పనికొస్తాయి. వేడికి బర్రె మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి తక్కువ వస్తుంది.

ఒక తప్పు మాత్రం చేయవద్దు. ఊరికే దొరుకుతుంది గదా అని పత్తి కట్టెను ఇంటి మీద, కొట్టం మీద కప్పకండి. దానికి మిగిలిన ఎండు కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కొని వచ్చే పంటకు ఎక్కుతుంది. ఇల్లు చల్లబడ్డా చేను కాలుతుంది.

కరెంటు లెక్క

గృహజ్యోతి కింద అర్హులైన ఇండ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తుంది. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. ఎండాకాలంలో ఒక ఇంటి లెక్క వేద్దాం.

75 వాట్ల ఫ్యాన్లు రెండు, రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 81 యూనిట్లు. 200 వాట్ల కూలర్ 10 గంటలు నడిస్తే 60. ఫ్రిజ్ 30. నీళ్ల మోటరు 12. లైట్లు, టీవీ, మిక్సీ 20. మొత్తం 203. మూడు యూనిట్ల కోసం నెల బిల్లంతా మీద పడుతుంది.

కప్పు చల్లబడి కూలర్ నాలుగు గంటలు తక్కువ నడిస్తే 24 యూనిట్లు మిగులుతాయి. పాత ఫ్యాన్ల జాగలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే 81 యూనిట్ల దగ్గర 32 చాలు. ఈ రెండూ చేస్తే 203 కాస్తా 130కి దిగుతుంది.

కూలర్ వాడేవారు ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. అన్నీ మూసి నడిపితే తేమ నిండి ఒళ్లంతా జిగటగా ఉంటుంది.

కిటికీకి వేళ ఉన్నది

పైసా ఖర్చు లేని పని ఇది. పొద్దున తొమ్మిది, పది గంటలకు కిటికీలు మూసి గోనె పట్టాలు గాని, పాత దుప్పట్లు గాని వేలాడదీయండి. బయటి గాలి లోపలి గాలి కంటే వేడిగా ఉన్నంతసేపు కిటికీ తెరవడం అంటే వడగాలిని పిలిచి కూర్చోబెట్టడమే. పొద్దు గుంకి బయట చల్లబడ్డంక అన్నీ తెరవండి, తెల్లవారేదాకా తెరిచే ఉంచండి. దోమల జాలీ బిగిస్తే ఈ పని నిశ్చింతగా చేయవచ్చు. జాలీకి పెట్టిన డబ్బు ఎటూ పోదు.

ముందు ఏది? తర్వాత ఏది?

అన్నీ ఒకే ఏడాది చేయనక్కరలేదు. ముందు కప్పుకు సున్నం, కిటికీలకు జాలీ. తర్వాత పడమటి దిక్కు నీడ. ఆ తర్వాత ఫ్యాన్లు. అప్పటికీ ఉడికితే కూలర్. ఈ వరసను తలకిందులు చేసి ముందే కూలర్ కొంటే, స్లాబు పోసే వేడిని కూలర్ తోడుతూ ఉంటుంది, బిల్లు మీరు కడుతూ ఉంటారు.

మన ఇండ్లల్లో దసరాకు గోడలకు సున్నం వేసే అలవాటు ఉన్నది. ఆ అలవాటును అట్లనే ఉంచి, ఉగాదికి ముందు కప్పుకు కూడా వేయండి. యాసంగి వరి కోతలకు రాకముందు చేతికి దొరికే రెండు రోజులు ఈ పనికి చాలు.